నలభై రెండులోంచి పదిహేడు

శంషాబాద్ చుట్టుపక్కల ఏ సర్కారు బడి ఆవరణలో నిలుచున్నా, కాసేపటికోసారి విమానం చప్పుడుకు మాట ఆగుతుంది. 2008 మార్చిలో ఇక్కడ అంతర్జాతీయ విమానాశ్రయం మొదలైంది. సుమారు 5,500 ఎకరాల ఆ ఆవరణ చుట్టూ చేలు వెంచర్లయ్యాయి, ఊళ్లు కాలనీలయ్యాయి. బడుల్లో పాలమూరు నుంచి వలస వచ్చిన వాళ్ల పిల్లల పక్కనే ఒడిశా, బిహార్ కూలీల పిల్లలూ కూర్చుంటున్నారు. ఇలాంటి బడులకే ఏటా బి.ఎడ్. ఛాత్రోపాధ్యాయులు వస్తారు. చేతిలో చార్టులు, సంచిలో రికార్డులు. కొన్ని వారాలుండి వెళ్లిపోతారు. ఆ రాకపోకల వల్ల బడికి ఏం ఒరుగుతోంది, వాళ్లకు ఏం అబ్బుతోంది అన్నది చిన్న ప్రశ్న కాదు. రేపటి పంతులు తయారయ్యేది అక్కడే.

దీనిమీద ఉన్న రెండు గట్టి వాదాలను ఇద్దరి నోట వినిపిస్తున్నాను. ఒకరు ఈ ప్రాంతంలో జిల్లా పరిషత్ హైస్కూలు ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసి రిటైరైన పెద్దసారు. మరొకరు ఒకప్పుడు ఆయన బడిలోనే ఇంటర్న్‌షిప్ చేసి, ఇప్పుడు విశ్వవిద్యాలయంలో బి.ఎడ్. వాళ్లకు పాఠాలు చెబుతున్న అధ్యాపకురాలు. వీరు ఫలానా వ్యక్తులు కారు. స్టాఫ్ రూముల్లో ఎన్నాళ్లుగానో నలుగుతున్న మాటలకు నేనిచ్చిన గొంతులు.

అధ్యాపకురాలు: సార్, ఈ మండలంలోని బడులతో మా విభాగం ఒక ఒప్పందం చేసుకోవాలనుకుంటోంది. ఏటా మా పిల్లలు ఇక్కడికే వస్తారు. మేమూ వస్తాం. మీరొక్క మాట చెబితే ఇక్కడి హెడ్మాస్టర్లు కాదనరు.

పెద్దసారు: చెప్పనమ్మా. నువ్వు అడిగినా చెప్పను. ముప్ఫై ఏళ్లు చూశాను. కాలేజీ నుంచి ఒక లెటరు వస్తుంది. ఇరవై మందిని పంపుతున్నాం, సహకరించగలరు అని ఉంటుంది. సహకరించడమంటే ఏమిటి? వాళ్లకు పీరియడ్లు ఇవ్వాలి, రికార్డుల మీద సంతకాలు పెట్టాలి. మా టీచరు సగంలో ఆపిన పాఠాన్ని వాళ్లు మళ్లీ మొదటినుంచి మొదలుపెడతారు, ఎందుకంటే వాళ్ల పాఠ్య ప్రణాళికలో అలా రాసుంది. వాళ్లు వెళ్లాక మా టీచరు మూడోసారి చెప్పుకోవాలి. దీన్ని భాగస్వామ్యం అంటే నా మనసొప్పదు.

అధ్యాపకురాలు: అది జరుగుతున్న తప్పు సార్, కాదనను. కానీ తప్పు జరుగుతోందని పనే మానేద్దామా?

పెద్దసారు: ఒక్కటి చెప్తా విను. ఎనిమిదో తరగతి, భౌతికశాస్త్రం, ధ్వని పాఠం. ఒక అమ్మాయి చక్కటి చార్టు గీసుకొచ్చింది. శ్రుతిదండం, తరంగాలు, రంగురంగుల స్కెచ్ పెన్నులు. సరిగ్గా కంపనం గురించి చెబుతుండగా నెత్తి మీద నుంచి విమానం పోయింది. కిటికీ రేకు గజగజలాడింది. ఆ పిల్ల ఏం చేసిందో తెలుసా? చప్పుడు పోయేదాకా చార్టు పట్టుకుని నిలబడింది. పోయాక వాక్యం ఎక్కడ ఆగిందో అక్కడినుంచి అందుకుంది. పాఠమే కిటికీని పట్టుకుని ఊపుతుంటే, ఆ కిటికీ మీద చెయ్యి పెట్టి చూడండర్రా అని ఒక్క మాట అనలేకపోయింది. వెనక బెంచీలో వాళ్ల లెక్చరరు కూర్చుని ఉన్నాడు. ఆయన పుస్తకంలో ప్రేరణ బాగుంది, నల్లబల్ల పని బాగుంది అని రాసి వెళ్లాడు.

అధ్యాపకురాలు: ఆ అమ్మాయిని నేను తప్పుపట్టలేను సార్. కాలేజీలో తోటి విద్యార్థుల్నే పిల్లలనుకుని అయిదారు నిమిషాల సూక్ష్మ బోధన చేస్తారు. అక్కడ ఎవరూ అల్లరి చేయరు, ఎవరికీ పాఠం అర్థం కాకుండా ఉండదు, నెత్తి మీద విమానం పోదు. అక్కడ నేర్చుకున్నది ఇక్కడికి వచ్చేసరికి చెల్లదు. అందుకే వాళ్లు బడిలో ఎక్కువ కాలం ఉండాలి. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలతో బి.ఎడ్.ను రెండేళ్లు చేసింది, అందులో ఇరవై వారాలు బడికి కేటాయించింది అందుకే. మొదటి ఏడాది నాలుగు వారాలు, రెండో ఏడాది పదహారు.

పెద్దసారు: వారాలు పెంచితే చదువు పెరుగుతుందా? అంతకుముందు ఏడాది కోర్సులో నలభై పాఠాలు చెప్పేవాళ్లు, లెక్క అయిపోయేది. ఇప్పుడు పదహారు వారాలుంటారు, ఆ లెక్కా అయిపోతుంది. రోగం కాలంలో లేదమ్మా. మెడికల్ కాలేజీ ప్రొఫెసరు పొద్దున్నే వార్డులో తిరుగుతాడు, రోగిని తానే చూస్తాడు, విద్యార్థులు ఆయన చుట్టూ నిలబడి నేర్చుకుంటారు. మరి మీ బి.ఎడ్. లెక్చరర్లలో ఈ ఏడాది ఆరో తరగతి పిల్లలకు ఒక్క పాఠమైనా చెప్పినవాళ్లెందరు? రోగిని ముట్టని డాక్టరు వైద్యం నేర్పితే ఒప్పుకుంటామా?

అధ్యాపకురాలు: (కాసేపాగి) ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. నేనే ఈ ఏడాది ఒక్క పాఠం చెప్పలేదు. కానీ ఆ పోలికలోనే నా వాదన కూడా ఉంది సార్. ఆ ఆసుపత్రి, ఆ కాలేజీ ఒకే గొడుగు కిందున్నాయి కాబట్టే ప్రొఫెసరు వార్డులో ఉన్నాడు. మనం కాలేజీని ఒకచోట, బడిని ఒకచోట కట్టి మధ్యలో ఒక లెటరు నడిపిస్తున్నాం. కొఠారి కమిషన్ 1966లోనే ఈ రోగాన్ని పట్టుకుంది. శిక్షణ కళాశాలలు విశ్వవిద్యాలయాల నుంచి విడిపోయాయి, బడుల నుంచి విడిపోయాయి, ఒకదాన్నుంచి ఒకటి విడిపోయాయి అని చెప్పింది. చుట్టుపక్కల బడులన్నీ ఒక జట్టుగా ఉండాలన్న స్కూల్ కాంప్లెక్స్ ఆలోచనా ఆ నివేదికలోనిదే. కాంప్లెక్స్ మీటింగులు మీరు నడిపారు. వాటిలో ఎప్పుడైనా ఒక్క బి.ఎడ్. లెక్చరరు కూర్చున్నారా?

పెద్దసారు: లేదు. మేం పిలవలేదు, వాళ్లు రాలేదు.

అధ్యాపకురాలు: నా సంగతే తీసుకోండి. నేను మీ బడిలో చేసినప్పుడు ఆరో తరగతిలో ఒక పిల్లవాడు నలభై రెండులోంచి పదిహేడు తీసేస్తే ముప్ఫై అయిదు అని రాశాడు. నేను ఎర్ర ఇంకుతో ఇంటూ పెట్టి పక్క నోట్సు తీశాను. మీరు వెనకనుంచి చూస్తున్నారు.

పెద్దసారు: గుర్తుంది. వాణ్ని అడిగావా ఎట్లా చేశావని, అన్నాను నిన్ను.

అధ్యాపకురాలు: అడిగాను. వాడు గబగబా చెప్పాడు. ‘రెండుల ఏడు పోదు గద టీచర్, అందుకే ఏడుల నుంచి రెండు తీసిన. నాలుగుల ఒకటి పోతే మూడు.’ వాడికి తీసివేత రాకపోవడం కాదు, వాడికో నియమం ఉంది. పెద్దదాంట్లోంచే చిన్నది పోతుంది అన్న నియమం. ఒకటో తరగతిలో ఎవరో చెప్పి ఉంటారు, అక్కడ అది నిజమే. మీరు నోట్సులు తిరగేయించారు. అదే తరగతిలో ఇంకా కొందరు అచ్చంగా అలాగే చేశారు. అటెండరును చీపురు పుల్లలు తెమ్మన్నారు. పదేసి పుల్లలు రబ్బరు బ్యాండుతో కట్టలు కట్టించారు. నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు వాడి ముందు పెట్టి, పదిహేను కాదు, పదహారు కాదు, సరిగ్గా పదిహేడు పుల్లలు నాకియ్యి అన్నారు. వాడు రెండు విడి పుల్లలు ఇచ్చాడు, ఒక కట్ట ఇచ్చాడు. ఇంకా అయిదు కావాలి. కట్టల వంక చూశాడు, మీ వంక చూశాడు. ‘ఇప్పాల్నా సార్?’ అన్నాడు. అప్పు తెచ్చుకోవడమంటే కట్ట విప్పడమని వాడికే తెలిసింది. ఉపాధ్యాయ వృత్తి అంటే ఏమిటో నాకూ ఆ పూటే తెలిసింది.

పెద్దసారు: మరి అదేగా నేను చెప్పేది! అది నీకు బడి నేర్పింది, విశ్వవిద్యాలయం కాదు. పంతులు దగ్గర పంతులు నేర్చుకోవాలి. మధ్యలో మీరెందుకు?

అధ్యాపకురాలు: ఎందుకో చెప్తాను. తర్వాత ఎం.ఎడ్.లో చదివాను. 1978లో అమెరికాలో బ్రౌన్, బర్టన్ అనే ఇద్దరు పరిశోధకులు పిల్లల తీసివేత తప్పుల్ని పోగేసి, అవి ఊరికే జరిగిన పొరపాట్లు కావు, వాటి వెనక నియమాలుంటాయని తేల్చారు. మన ఆరో తరగతి పిల్లవాడి నియమం ఆ జాబితాలో ఉంది సార్! మీకు అనుభవంతో తెలిసింది, వాళ్లు పద్ధతిగా చూపించారు. మీకు తెలిసినది మీతోనే రిటైరైపోయింది. ఆ పూట నేనక్కడ ఉన్నాను కాబట్టి నాకు దక్కింది. పక్క ఊరి టీచరుకు ఎలా చేరాలి? దాన్ని రాసి, పరీక్షించి, పదిమందికి చేర్చే పని విశ్వవిద్యాలయానిది. మీరు లేకపోతే మాకు కట్ట విప్పడం రాదు. మేం లేకపోతే మీ పుల్లల కట్ట ఈ బడి గోడ దాటదు.

పెద్దసారు: మాట బాగుంది. కానీ గోడ దాటించినవాళ్లు ఎక్కడున్నారు? చూపించు.

అధ్యాపకురాలు: మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ సైన్స్ బోధన కార్యక్రమం. 1972లో పదహారు పల్లె బడులతో మొదలైంది. కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ మొదలుపెట్టాయి. టాటా ఫండమెంటల్ రీసెర్చ్ సంస్థ శాస్త్రవేత్తలు, ఢిల్లీ విశ్వవిద్యాలయం అధ్యాపకులు వచ్చి పల్లె టీచర్లతో కూర్చుని ప్రయోగాలు చేశారు. 1978లో జిల్లా అంతటికీ విస్తరించింది.

పెద్దసారు: 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది కదా. ముప్ఫై ఏళ్ల చెట్టు ఒక్క నిర్ణయంతో పోయింది. మంచివాళ్లు కొందరు పూనుకుంటే నడిచింది, ఊతం పోగానే ఆగింది. నా భయమూ అదే. ఈ రోజు నువ్వున్నావు, వస్తావు. రేపు నీ సీట్లోకి ఇంకొకరు వస్తే?

అధ్యాపకురాలు: మరి దగ్గరిది చెప్తాను. ఇక్కడికి పక్కనే రాజేంద్రనగర్. టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, అదే టిస్, హైదరాబాద్ శాఖ అక్కడినుంచే పనిచేసింది. టిస్ సంస్థ టాటా ట్రస్టులు, అమెరికాలోని ఎం.ఐ.టి.తో కలిసి సీఎల్ఐఎక్స్ అనే కార్యక్రమాన్ని తెలంగాణతో పాటు రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, మిజోరం ప్రభుత్వ హైస్కూళ్లలో నడిపింది. లెక్కలు, సైన్సు, ఇంగ్లిష్ పాఠాలను కంప్యూటర్ ల్యాబ్‌లో పిల్లలు చేసి నేర్చుకునేలా తయారుచేశారు. యునెస్కో 2017 సంవత్సరానికి బహుమతి ఇచ్చింది. నాకు నచ్చింది ఆ బహుమతి కాదు. ఉద్యోగంలో ఉన్న సర్కారు టీచర్లు తమ తరగతిలో చేసిన పని ఆధారంగానే విశ్వవిద్యాలయ స్థాయి పోస్ట్ గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ చదువుకునే ఏర్పాటు చేశారు. టీచరు బడిలో చేసేది కూడా విద్యేనని ఒక విద్యాసంస్థ రాసిచ్చింది.

పెద్దసారు: ఆ సర్టిఫికెట్ సంగతి మంచిదే, ఒప్పుకుంటా. కానీ పక్కదాన్ని కూడా చూడు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ వర్మ కమిషన్ 2012లో ఏం చెప్పిందో నువ్వే క్లాసులో చెబుతావు. విడిగా నడిచే శిక్షణ సంస్థలు పదివేలకు పైగా ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం శిక్షణ ఇచ్చే ప్రయత్నమే చేయకుండా డిగ్రీలు అమ్ముకుంటున్నాయని 2020 జాతీయ విద్యావిధానం ఆ కమిషన్ పేరు చెప్పి మరీ రాసింది. అలాంటి చోట నుంచి వచ్చే పిల్లలకు నా బడి ఒక ముద్ర. హాజరు ముద్ర. నాకు తెలిసిన ఒక కాలేజీ అయితే పిల్లల్ని పంపకుండానే రికార్డులు పంపింది, సంతకం పెట్టమని. పెట్టలేదు.

అధ్యాపకురాలు: మంచి పని చేశారు. ఇప్పుడు నన్నూ ఒకటి అడగనివ్వండి. వచ్చిన పిల్లల్ని మీరు ఎలా వాడుకున్నారు?

పెద్దసారు: (నిట్టూర్చి) అడుగుతావనుకున్నా. 2017 నోటిఫికేషన్ పరీక్ష తర్వాత 2024 దాకా టీచర్ల నియామకానికి మళ్లీ డీఎస్సీ పరీక్ష జరగలేదు. రిటైరైనవాళ్ల కుర్చీలు ఖాళీగా ఉండేవి. ఛాత్రోపాధ్యాయులు వస్తే నెత్తి మీద పాలు పోసినట్టుండేది. మొదటి రోజే టైమ్‌టేబుల్‌లో వేసేవాణ్ని. తెలుగు మెథడాలజీ పిల్లను సాంఘికశాస్త్రానికీ పంపాను. వెనక నిలబడి చూడడానికి మా టీచరుకు ఖాళీ ఎక్కడిది? నేర్చుకోవడానికి వచ్చినవాళ్లతో ఖాళీలు పూడ్చుకున్నా. తప్పు మా వైపూ ఉంది.

అధ్యాపకురాలు: చూశారా సార్, కాలేజీ బడిని సంతకానికి వాడుకుంది. బడి ఛాత్రోపాధ్యాయుణ్ని ఖాళీకి వాడుకుంది. నేర్పడమనే అసలు పని ఇద్దరమూ వదిలేశాం.

పెద్దసారు: సరే. అయితే ఏం చేద్దామంటావు? రాజేంద్రనగర్ పేరెత్తావు కాబట్టి నేనొకటి చెప్తా. అక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయం పిల్లలు చివరి ఏడాది ఊళ్లలో ఉంటారు. ఒక్కొక్కరిని ఒక రైతుకు అప్పగిస్తారు. ఆ రైతుతోపాటు పొలంలో దిగుతారు. విత్తనం వేసేటప్పుడు ఉంటారు, పురుగు పడితే ఉంటారు. ప్రొఫెసర్లు పొలానికి వస్తారు. ఏ రైతైనా ఆ పిల్లలు దుక్కి దున్నే రోజులకే రావాలంటాడు. కోతల చివర్లో వస్తే ఏం నేర్చుకుంటారు? మీ బి.ఎడ్. పిల్లలు సరిగ్గా కోతల చివర్లో వస్తారు. పదో తరగతికి ప్రత్యేక క్లాసులు నడుస్తుంటాయి, మార్చి పరీక్షలు ముంచుకొస్తుంటాయి.

అధ్యాపకురాలు: ఎడ్‌సెట్ కౌన్సెలింగ్ ఆలస్యమైతే మా క్యాలెండరంతా వెనక్కు పోతుంది. కానీ మీరన్నది నిజం. రెండో ఏడాది వాళ్లు జూన్‌లోనే రావాలి. బడిబాటలో టీచర్లతో కలిసి ఇల్లిల్లూ తిరగాలి. నిర్మాణ కూలీల గుడిసెల్లో బడికి రాని పిల్లను కళ్లతో చూడాలి. తెలుగు రాని పిల్ల మొదటి రోజు తరగతిలో ఎక్కడ కూర్చుంటుందో, ఎవరితో మాట్లాడుతుందో గమనించాలి. తరగతిని మొదలుపెట్టడం చూడనివాళ్లకు తరగతిని నడపడం రాదు.

పెద్దసారు: అంతే కాదు. నా షరతులు రాసుకో. ఒకటి, ఒక్కో టీచరు దగ్గర ఇద్దరే. ఇరవై మందిని ఒకే బడి మీద కుమ్మరించొద్దు. రెండు, మొదటి మూడు వారాలు చూడడమే, పాఠం చెప్పొద్దు. పిల్లల పేర్లు తెలియాలి, నోట్సులు చదవాలి, తప్పుల వెనక నియమం పట్టుకోవాలి. మూడు, మీ లెక్చరరు వారానికి ఒక్క పాఠమన్నా మా పిల్లలకు చెప్పాలి, మా టీచరూ మీ విద్యార్థులూ వెనక కూర్చుని చూడాలి. ఆ పాఠం చెడిపోయినా ఫర్వాలేదు, ఎందుకు చెడిందో మాట్లాడుకుంటాం. నాలుగు, మార్కుల్లో సగం మా టీచరు చేతిలో ఉండాలి. నచ్చకపోతే తప్పించే హక్కుతో సహా.

అధ్యాపకురాలు: నాలుగోది మా వాళ్లకు కష్టమవుతుంది.

పెద్దసారు: కష్టమవుతుందనే అడుగుతున్నా. మార్కు పెట్టే అధికారం లేనివాడు భాగస్వామి కాడమ్మా, అతిథికి మంచినీళ్లిచ్చేవాడు. ఈ ప్రాంతం పెద్ద సంస్థలకు చోటిచ్చింది. చోటిచ్చిన చాలామంది ఆ సంస్థల గేటు బయటే ఉండిపోయారు. బడి కూడా అలా చోటిచ్చి బయట నిలబడకూడదు. చదువు చెప్పే చోట మా టీచరు మాట నెగ్గాలి.

అధ్యాపకురాలు: నాలుగుకూ ఒప్పుకుంటాను, మా బోర్డు ముందు వాదిస్తాను. నా వైపునుంచీ రెండు. మా పిల్లల్ని ఖాళీ పోస్టులో వేయకూడదు. ఇంకొకటి, మా పిల్లలకు నేర్పే టీచరుకు వారానికి కొన్ని పీరియడ్లు తగ్గించాలి. నేర్పడం కూడా పనే, దానికి వేళ కావాలి. అది హెడ్మాస్టరు చేతిలోనూ లేదు, విద్యాశాఖ ఉత్తర్వు కావాలి. మీరూ నాతో వచ్చి అడగాలి.

పెద్దసారు: వస్తాను. కానీ ఒక మాట చెబుతున్నా. ఇప్పుడే హెడ్మాస్టర్లకు చెప్పమంటే చెప్పను. కాగితం మీద సంతకమయ్యాక కాదు, తరగతిలో నీ పాఠం చూశాకే చెప్తా.

అధ్యాపకురాలు: ఏ తరగతి ఇస్తారు?

పెద్దసారు: ఆరో తరగతి. తీసివేతలు.

ఇద్దరి మధ్యా విభేదం ఇంకా ఉంది. పెద్దసారుకు సంస్థల మీద నమ్మకం లేదు, మనుషుల మీద ఉంది. అధ్యాపకురాలికి మనుషులు మారినా నిలిచే ఏర్పాటు కావాలి. నేను రెండు వాదాలూ విన్నాక తేల్చుకున్నది ఇది: బడికి విశ్వవిద్యాలయం అక్కర్లేదన్న మాట నిలవదు. విశ్వవిద్యాలయం చెబుతుంది, బడి వింటుంది అన్న పద్ధతి అంతకన్నా నిలవదు. ఛాత్రోపాధ్యాయుడికి మొదటి గురువు సర్కారు బడి టీచరు. ఆ టీచరు పేరు విశ్వవిద్యాలయం ఇచ్చే సర్టిఫికెట్ మీద ఉండాలి, మార్కులో వాటా ఉండాలి, ఆ పనికి పీరియడ్ల లెక్కలో చోటుండాలి. ఇవి లేని ఒప్పందానికి ఏ హెడ్మాస్టరూ సంతకం పెట్టనక్కర్లేదు.

ఇది చదివే టీచర్లకు ఒక విన్నపం. ఈసారి మీ బడికి ఛాత్రోపాధ్యాయులు వస్తే రికార్డు పక్కన పెట్టి, ఒక పిల్లవాడి నోట్సు వాళ్ల చేతికివ్వండి. తప్పు లెక్క ఒకటి చూపించండి. ఇంటూ పెట్టకముందు వాణ్ని ఎట్లా చేశావని అడగమనండి.